తిట్టుకు అర్థం ఎక్కడుంది?

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, పెనుబల్లి)

గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకునే సభలో తిట్ల మీద ఉపన్యాసమా అని కొందరు మొహం చిట్లించవచ్చు. పంతులుగారు చేసిన పని గుర్తు తెచ్చుకుంటే, ఆయన పేరిట మాట్లాడదగిన విషయాల్లో ఇదొకటని ఒప్పుకోక తప్పదు. 1863లో పుట్టి 1940లో కన్నుమూసిన ఆయన, జనం నోటి మాటకు పుస్తకంలో చోటు కోసం పోరాడారు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టారు. పండితులు భాషగానే లెక్కపెట్టని సవరను సవరల దగ్గరే నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును తెచ్చారు. ఆయన్ను ఎదిరించినవాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే మాట: గ్రామ్యం. అందులో రెండు నేరారోపణలు కలగలిసి ఉండేవి. ఊళ్ళో జనం మాట్లాడుకునేది అన్నది మొదటిది. సభలో పలకరానిది అన్నది రెండోది. మొదటి ఆరోపణ వీగిపోయింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు అన్నీ ఇప్పుడు వాడుక భాషలోనే వస్తున్నాయి. రెండో ఆరోపణ మీద మాత్రం విచారణే జరగలేదు. మనిషి కోపాన్ని, నొప్పిని, చనువును, అసూయను మోసే మాటల రాశి మొత్తాన్ని ‘బూతు’ అనే ఒక్క మాటతో మూటగట్టి బయట పెట్టేశాం. ఆ మూట విప్పి చూడటమే ఈ ఉపన్యాసం పని.

నా వాదం చిన్నది. తిట్టుకు అర్థం నిఘంటువులో దొరకదు. ఎవరు ఎవర్ని అన్నారు, అనిపించుకున్న మనిషికి తిరిగి అదే మాట అనే వీలుందా అన్నవాటిలో దొరుకుతుంది. తిరిగి అనగలిగిన చోట ఎంత మోటు మాటయినా మాటగానే ఉంటుంది. అనలేని చోట ఎంత మెత్తని మాటయినా దెబ్బే అవుతుంది. మన అలంకారికులకు, నిఘంటుకారులకు, సెన్సారువారికి ఈ తేడా పట్టుబడలేదు. విచిత్రంగా, భాషతో నేరుగా సంబంధం లేని చట్టం దీన్ని ముందుగా పట్టుకుంది. ఈ మాట రుజువు చెయ్యడానికి మన ఖమ్మం–భద్రాచలం అంచున దొరికే సాక్ష్యం సరిపోతుంది. అవసరమైన చోట బయటి ప్రపంచాన్ని కూడా పిలుస్తాను.

ముందు పాతవాళ్ళ లెక్కతో మొదలుపెడదాం. సంస్కృత అలంకారశాస్త్రం అశ్లీలాన్ని కావ్యదోషంగా చెబుతూ మూడు రకాలుగా విడదీసింది: సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అమంగళం సూచించేది. మమ్మటుడి కావ్యప్రకాశంలో ఈ విభజన ఉంది. వెయ్యేళ్ళ నాటి ఈ లెక్క తెలుగు తిట్లకు ఆశ్చర్యం కలిగించేంత చక్కగా సరిపోతుంది. అమ్మ, ఆలి, లంజ అంటూ నడిచేవి సిగ్గు రకం. మలమూత్రాల చుట్టూ, శరీరం చుట్టూ తిరిగేవి రోత రకం. చావును పిలిచేవి అమంగళ రకం. మన ప్రాంతపు తిట్లలో ఈ మూడోదే దండిగా కనిపిస్తుంది. ‘నీ బొంద’ అంటే గొయ్యి. ‘నీ పాడె గట్ట’, ‘నీ దినాలు చెయ్య’, ‘పీనుగ’, ‘సచ్చినోడా’, ‘నీ నోట్ల మన్ను బడ’ అన్నీ శ్మశానం దారి పట్టినవే. ‘నీకు గత్తర రాను’ అన్న తిట్టులో గత్తర అంటే కలరా. వాంతులు, విరేచనాలతో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన కాలాల జ్ఞాపకం, ఆ రోగం దాదాపు పోయాక కూడా, ఒక్క తిట్టులో మిగిలిపోయింది. ఇక్కడికి దక్షిణాన తిరువూరు వైపు, తూర్పున సత్తుపల్లి దాటి గోదావరి జిల్లాల వైపు పోతే బొంద స్థానంలో శ్రాద్ధం, పిండాకూడు, తద్దినం వినిపిస్తాయి. పూడ్చే ఆచారం, పిండం పెట్టే ఆచారం ఎక్కడెక్కడ ఎంత బలంగా నాటుకున్నాయో తిట్లను బట్టి కూడా ఊహించవచ్చు.

ఇక వ్యాకరణం. ఈ అమంగళపు తిట్ల నిర్మాణం చూడండి. ‘నీ చెయ్యిరగ’, ‘నీ మొహం మండ’, ‘నీ బతుకు చెడ’. వీటి పక్కన ‘నీ కడుపు సల్లగుండ’, ‘నూరేళ్ళు బతక’ అన్న దీవెనలు పెట్టండి. క్రియ చివర ఉన్న రూపం ఒక్కటే. తెలుగు వ్యాకరణం దీవెనకూ శాపానికీ వేరు వేరు అచ్చులు పొయ్యలేదు. రెండూ జరగాలని కోరుకోవడమే కనుక రెంటికీ ఒకే రూపం చాలింది. అందుకే మన ఇళ్ళలో శాపం సులువుగా దీవెనలోకి జారుతుంది. విసుగు పుట్టించిన పిల్లవాణ్ణి తల్లి ‘నీ ఇల్లు బంగారం గాను’ అంటుంది. గొంతు తిట్టుది, ఎత్తుగడ తిట్టుది, చివరి మాట మాత్రం దీవెన. దారిలోనే మాట మళ్ళిపోయింది. ‘ఓర్నీ’, ‘వార్నీ’ ఇంకో దారి పట్టినవి. ‘ఓరి నీ’ దగ్గర ఆగిపోయి, తర్వాత రావాల్సిన తిట్టును మింగేసి, ఉట్టి ఆశ్చర్యార్థకాలుగా స్థిరపడ్డాయి. ‘నీయవ్వ’ కూడా తెలంగాణలో అలాగే సగం దారి నడిచింది. క్రికెట్లో బంతి గీత దాటితే ‘నీయవ్వ’ అని గంతేసినవాడు ఎవరి అవ్వనూ తలుచుకోడు. మాట మాత్రమే చూసేవాడికి ఇవన్నీ తిట్లే. వినేవాడికి వీటిలో తిట్టు ఎక్కడా లేదు.

అయితే విసుగును, కోపాన్ని, చనువును వేరు చేసేది గొంతు ఒక్కటే కాదు. చుట్టరికం దానికి గట్టి గట్లు కట్టింది. తెలుగు ఇళ్ళలో బావ, బావమరిది ఒకర్నొకరు ఎంతైనా అనుకోవచ్చు. వదిన మరదళ్ళు అంతే. పెళ్ళిలో వియ్యపురాలి మీద ఆడవాళ్ళు పాడే దెప్పుపాటల్లో ఆమె రూపం, తిండి, పిసినారితనం, పుట్టింటి గొప్పలు ఏవీ మిగలవు. అదే మాట అల్లుడు మామగారిని అంటే పెళ్ళి పెటాకులవుతుంది. 1940లో బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఇలాంటి ‘పరిహాస సంబంధాల’ గురించి రాస్తూ ఒక కీలకమైన మాట చెప్పాడు: ఈ సంబంధంలో ఒకరికి ఎగతాళి చేసే అనుమతి ఉంటుంది, రెండోవారికి నొచ్చుకోకూడదన్న బాధ్యత ఉంటుంది. మన మేనరికపు చుట్టరికంలో ఆ అనుమతి ఇరువైపులా సమానం. ఉత్తరాదిన ‘సాలా’ అంటే భార్య తమ్ముడో అన్నో. ఆ చుట్టరికపు మాటే అక్కడ తిట్టు. తెలుగులో ‘బామ్మర్ది’ తిట్టు కాలేదు, సరసంగానే మిగిలింది. పిల్లనిచ్చినవారు ఎప్పటికీ కింద, పుచ్చుకున్నవారు ఎప్పటికీ పైన అన్న మెట్టు ఉత్తరాదిలో బలంగా ఉంది. పిల్లనిచ్చి పుచ్చుకునే మేనరికాల్లో ఆ మెట్టు అంతగా నిలవదు. ఇదొక్కటే కారణమని చెప్పను, కానీ చుట్టరికంలో మెట్టు ఉన్న చోట చుట్టరికపు పేరే తిట్టవుతుందన్నది గమనించదగిన విషయం. కుర్రాళ్ళు స్నేహితుణ్ణి ‘మామా’, ‘బావా’ అని పిలవడం వెనుక కూడా ఈ చనువు చట్టమే పనిచేస్తోంది.

ఈ తీరు మనకొక్కరికే సొంతం కాదు. స్పానిష్ భాషలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే భాషను స్పెయిన్, మెక్సికో, అర్జెంటీనా వంటి ఇరవై దేశాలు పంచుకోవడంతో, ఒక దేశపు మామూలు మాట ఇంకో దేశంలో బూతు అవుతుంది. ‘కొహేర్’ అంటే స్పెయిన్‌లో పట్టుకోవడం, ఎక్కడం. అక్కడ బస్సు ‘పట్టుకునే’ మనిషి అదే మాట మెక్సికోలోనో అర్జెంటీనాలోనో అంటే వినేవాళ్ళు నవ్వుతారు, అక్కడ అది సంభోగానికి మోటు మాట. మన పరిస్థితి దీనికి దూరమేమీ కాదు. ‘దొబ్బు’ అంటే తోయడమని నిఘంటువు చెబుతుంది, తెలంగాణలో చాలాచోట్ల ఆగిపోయిన బండిని దొబ్బుతారు కూడా. కోస్తా చెవికి అది అసభ్యం. స్పెయిన్‌లో ‘ఇహో దె పూతా’ అంటే మన లంజకొడుకే. అదే పూతాకు తల్లిని జోడించి ‘దె పూతా మాద్రె’ అంటే మాత్రం బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకోలు. మెక్సికోలో ఎద్దు అనే అర్థం నుంచి వచ్చిన ‘గుయ్’ ఒకప్పుడు మొద్దును తిట్టే మాట. ఇప్పుడు కుర్రాళ్ళ నోట మన ‘రా’లాగా ప్రతి వాక్యంలోనూ దొర్లుతుంది. మెక్సికో కవి ఒక్తావియో పాజ్ 1950 నాటి తన వ్యాససంపుటిలో ఒక అధ్యాయాన్ని ‘చింగార్’ అనే తిట్టు క్రియ చుట్టూ అల్లి, ఆక్రమణకు లోనైన దేశపు గాయాన్ని ఆ క్రియలో చదివాడు. 1989లో నోబెల్ అందుకున్న కమీలో హొసె సేలా అంతకు చాలా ముందే, 1968లో, పలకరాని మాటల నిఘంటువొకటి వెలువరించాడు. 1713లో పుట్టిన స్పానిష్ రాజ అకాడమీ తన నిఘంటువులో ఇలాంటి మాటలకు చోటిచ్చి, పక్కన ‘చెవికి కటువు’, ‘తూలనాడేది’ అన్న గుర్తులు పెడుతుంది. భాష గౌరవం తగ్గిందని అక్కడెవరూ గగ్గోలు పెట్టడం లేదు. ఈ సంగతికి చివర్లో మళ్ళీ వస్తాను.

ఇక తిట్టు పైకి వెళ్ళే దారి చూద్దాం. దానికి మన జిల్లాను మించిన సాక్ష్యం లేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానీషా పాలనలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని మనకందరికీ తెలిసిన కథ. భక్తులు ఇప్పటికీ కన్నీళ్ళతో పాడుకునే ఒక కీర్తనలో గోపన్న రాముణ్ణి నిలదీస్తాడు. సీతమ్మకూ నీకూ నీ తమ్ముళ్ళకూ నేను చేయించిన నగలు ఎవరబ్బ సొమ్మని పెట్టుకుని కులుకుతున్నావు, నీ తండ్రి పంపాడా నీ మామ పంపాడా అన్న తీరులో ఒక్కొక్క నగ లెక్క చెప్పి మరీ అడుగుతాడు. దేవుడి తండ్రినీ మామనూ లాగిన తిట్టు అది. మాటవరసకు తీసుకుంటే వీధి తగాదాలో వినిపించే బాణీయే. దాన్ని ఏ పండితుడూ గ్రామ్యమని తోసెయ్యలేదు, ఏ గుడీ వద్దనలేదు. ఎందుకని? తిట్టినవాడి చేతికి సంకెళ్ళున్నాయి. తిట్టించుకున్నవాడు లోకాలేలేవాడు. తిట్టు వల్ల రాముడి కిరీటంలో ఒక రాయి కూడా కదలదు. కృష్ణా తీరాన శ్రీకాకుళాంధ్ర విష్ణువును ఉద్దేశించి కాసుల పురుషోత్తమ కవి చెప్పిన ఆంధ్రనాయక శతకం కూడా ఈ నిందాస్తుతి దారిలోనిదే. భక్తికి ఇంత మోటు చనువు ఇచ్చిన సంస్కృతే, అదే మాటను ఒక కూలి తన ఆసామిని అంటే మాత్రం ఓర్చుకోలేకపోయింది. కారణం మాటలో వెతికితే దొరకదు. దేవుడికి ఆ తిట్టు తగలదు, ఆసామికి తగులుతుంది. మన సహనానికి అసలు కొలత అదే.

గోపన్న కీర్తన ఇంకో సంగతి కూడా చెబుతుంది. నిలదీత అయ్యాక, దెబ్బల బాధ తట్టుకోలేకే నోరు జారాను, మనసులో పెట్టుకోకని రాముణ్ణి బతిమాలుకుంటాడు. నొప్పికీ తిట్టుకూ ఉన్న ఈ ముడిని ప్రయోగశాల కూడా ధ్రువపరిచింది. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, మంచునీళ్ళలో చెయ్యి పెట్టినవాళ్ళు మామూలు మాట అనేటప్పటికంటే తిట్టు మాట అనేటప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. మాతృభాష తిట్టుకు ఒళ్ళు స్పందించినంతగా నేర్చుకున్న భాష తిట్టుకు స్పందించదని 2003లో కేథరిన్ హారిస్, ఆమె సహచరులు టర్కిష్–ఇంగ్లీషు మాట్లాడేవారి చర్మ స్పందన కొలిచి చూపారు. నిజాం కాలం నుంచి మనకు అలవాటైన ‘బద్మాష్’, ‘బేవకూఫ్’, ‘లుచ్చా’, ‘గలీజ్’ వంటి మాటలు ఇంట్లో పెద్దల ముందు కూడా ఎందుకు అంత చులాగ్గా దొర్లుతాయో, అదే ఇంట్లో అచ్చతెలుగు సమానార్థకం ఎందుకు నాలుక చివర ఆగిపోతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. తిట్టు ఒంటికి సంబంధించిన ప్రక్రియ. దాన్ని నిషేధంతో మాన్పించలేం, దారి మళ్ళించగలం. కోడిని పోగొట్టుకున్న పేద ఆడమనిషి నడివీధిలో నిలబడి, దొంగ పేరు తెలియకుండానే దుమ్మెత్తిపోసి శాపనార్థాలు పెట్టడం చూసి నవ్వుతాం. పోలీసు స్టేషను ఆమె కోడి కోసం కదలదు. ఆమెకు ఉన్న ఫిర్యాదు, విచారణ, శిక్ష అన్నీ ఆ గొంతులోనే ఉన్నాయి. దొంగ ఎవరో వింటూనే ఉంటాడన్న నమ్మకంతోనే ఆ తిట్లు సాగుతాయి.

ఇప్పటిదాకా చూసినవి పక్కకు పోయే తిట్లు, పైకి పోయే తిట్లు. కిందికి పడే తిట్టు దగ్గర అలంకారికుల మూడు అరలూ చాలవు. తెలంగాణ పల్లెల్లో వెట్టి నడిచిన కాలంలో దొర ముందు కూలి ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అనేవాడు. బాంచ అంటే బానిస. ఇందులో సిగ్గుపడాల్సిన మాట లేదు, రోత లేదు, అమంగళం లేదు. తన్ను తాను తిట్టుకుంటేనే తప్ప ఎదుటివాడితో మాట మొదలుపెట్టలేని స్థితి మాత్రం ఉంది. ఎదుటి పక్క నుంచి వచ్చే పిలుపు చూడండి. మల్లయ్య మల్లిగాడయ్యేవాడు, ఎల్లమ్మ ఎల్లి అయ్యేది. నెరిసిన తలకు పదేళ్ళ దొరబిడ్డ నోట ‘ఏరా’ అన్న పిలుపు దక్కేది. తెలుగు సర్వనామాలు వాడు, అతను, ఆయన, వారు అంటూ మెట్లు కట్టి ఉన్నాయి. ఆడవాళ్ళ దగ్గర కింది మెట్టు ‘అది’, పశువుకు వాడే మాటే. ఈ మెట్లలో ఒకటి తగ్గిస్తే చాలు, ఒక్క బూతు అక్కర్లేకుండా మనిషిని నేలకు దించొచ్చు. మన ఏజెన్సీ అంచున కోయ పెద్దను ‘కోయోడా’ అని, తండా మనిషిని ‘లంబాడోడా’ అని అంగట్లో, ఆఫీసులో పిలిచే పిలుపు ఈ కోవలోదే. నిఘంటువులో అవి కేవలం జాతుల పేర్లు. అన్నవాడి గొంతులో అవి మనిషిని గిరి గీసి నిలబెట్టే గీతలు.

కులం పేరే తిట్టయిన సంగతి దెబ్బ తిన్నవాళ్ళకు ఏ పండితుడికంటే ముందే తెలుసు. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, తన పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకుంది. బూతుల జాబితాలో ఎక్కడా లేని ‘పంచమ’ అనే సంస్కృత సంఖ్యావాచకాన్ని ఆ సభ తిట్టుగా గుర్తించింది. అయిదోవాడు అన్న లెక్కలోనే నలుగురి బయట అన్న తీర్పు ఉంది. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు పైగా గడిచాక చట్టం ఆ మాట ఒప్పుకుంది. 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురూ చూసే చోట వారిని ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని నేరం చేసింది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ, నలుగురిలో కులం పేరుతో తిట్టడాన్ని విడి నేరంగా రాసింది. ఈ చట్టం భాషలో ఒక ముఖ్యమైన షరతు ఉంది: నేరం చేసినవాడు షెడ్యూల్డ్ కులాలకు గానీ తెగలకు గానీ చెందనివాడై ఉండాలి. మాట ఏదో చెప్పి వదిలెయ్యకుండా, ఆ మాట ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్ళిందో కూడా చట్టం రాసుకుంది. తిట్టు దిక్కును శాసనంలోకి ఎక్కించడం మన దేశంలో ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

దీనికి రెండో పక్క న్యాయస్థానం నుంచి వచ్చింది. బహిరంగ ప్రదేశంలో బూతు మాట్లాడటం పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 296వ సెక్షన్‌గా కొనసాగుతోంది. 2024 మార్చిలో ‘కాలేజ్ రొమాన్స్’ అనే వెబ్ సిరీస్ కేసులో, జస్టిస్ బోపన్న, జస్టిస్ పి.ఎస్. నరసింహల సుప్రీంకోర్టు ధర్మాసనం, మోటు మాటకూ అశ్లీలానికీ తేడా ఉందని తేల్చింది. ఆ మాటల నిఘంటువు అర్థం పట్టుకుని కూర్చోకూడదు. పాత్రలు వాటిని కోపం, విసుగు, ఉత్సాహం చెప్పడానికి వాడాయి తప్ప వినేవాళ్ళలో కామం రేపడానికి కాదు అన్నది ఆ తీర్పు సారం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చట్టం, బూతు లేకపోయినా తిట్టు ఉండవచ్చంది. ఒక తీర్పు, బూతు ఉన్నా అశ్లీలం ఉండకపోవచ్చంది. అర్థం మాటలో స్థిరంగా కూర్చోదన్న మన వాదానికి ఇవి ఎటూ కదలని రెండు స్తంభాలు.

ఇక అభ్యంతరాలు. అన్నింటికంటే బరువైనది ఆడవాళ్ళ వైపు నుంచి వస్తుంది. ఇద్దరు మగవాళ్ళు సమానస్థాయిలో సరదాగా తిట్టుకున్నా, ఆ తిట్టులో ఈడ్చుకొచ్చేది తల్లిని, చెల్లిని, పెళ్ళాన్ని కదా. అక్కడ లేని ఆమె తిరిగి అనే వీలెక్కడిది? ఈ అభ్యంతరం నా వాదాన్ని కూలదొయ్యదు, దాన్ని ఇంకొంచెం కఠినం చేస్తుంది. తిట్టు దిక్కు లెక్కించేటప్పుడు ఇద్దర్నే చూడకూడదు, మూడో మనిషినీ చూడాలి. ‘ముండ’, ‘ముండమోపి’, ‘బోడి’ అన్నవి విధవకు పెట్టిన పేర్లు. 1856లో విధవా పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి విధవా వివాహం జరిపించాడు. గుండు గీయించే ఆచారం మెల్లగా కనుమరుగైంది. తిట్టు మాత్రం చెక్కు చెదరలేదు. మగవాడిని తిట్టడానికి కూడా ‘ముండాకొడుకు’ అంటూ ఆ విధవనే పిలుస్తున్నాం. ‘లంజ’, ‘బోగందాన’ సంగతీ ఇంతే. 1947లో మద్రాసు రాష్ట్రంలో, 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. ఆడవాళ్ళను ఆ స్థితిలోకి నెట్టిన పెద్దమనుషులకు తెలుగులో ఒక్క తిట్టు కూడా పుట్టలేదు. నెట్టబడ్డవాళ్ళ పేరే తిట్టయింది. అందువల్ల ఈ తిట్లు సమానుల మధ్య నడిచినా నిరపాయం కావు. వాటి అపాయం శబ్దపు అసభ్యత నుంచి కాక, ఎదురుగా లేని మనిషి మీద మోపిన బరువు నుంచి వస్తోందని మాత్రం స్పష్టంగా చూడాలి. ‘నీ బొంద’ ఎంత మోటైనా ఎవరి మీదా ఇలాంటి బరువు మోపదు; అందరికీ ఒకటే బొంద.

రెండో అభ్యంతరం: మీ కొలత చేతికిస్తే, కిందివాణ్ణి తిట్టిన ప్రతివాడూ ‘సరదాకన్నా, చనువుకొద్దీ అన్నా’ అని తప్పుకుంటాడు. తప్పుకోలేడు. ఎందుకంటే ఈ కొలత తిట్టినవాడి మనసును అడగదు. మనసులోది ఎవరూ రుజువు చెయ్యలేరు. ఇది అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: అదే మాట, అదే గొంతుతో, అదే చోట తిరిగి అంటే ఏమయ్యేది? నవ్వయ్యేదైతే అది చనువు. కూలి పోయేదైతే, పంచాయితీ జరిగేదైతే, పిల్లవాడికి మార్కులు తగ్గేవైతే అది చనువు కాదు. కాలేజీల్లో కొత్త పిల్లలను సీనియర్లు తిట్టి, అది ఆటేనని చెప్పే వాదన ఈ ఒక్క ప్రశ్న దగ్గరే కూలిపోతుంది. నొచ్చుకోకూడదన్న బాధ్యత ఒకరి నెత్తినే ఉంటే దాన్ని పరిహాసం అనలేం.

మూడో అభ్యంతరం భాషాభిమానులది, ఇది మర్యాదగా వస్తుంది: తిట్లను శాస్త్రంగా చదవడమంటే వాటికి పీట వెయ్యడమే, పిల్లలు చెడిపోతారు. పిల్లలు తిట్లను నిఘంటువులో నేర్చుకోరు. బడికి వెళ్ళే ముందే ఇంటి వసారాలో, పొలం గట్టున, ఇప్పుడు చేతిలోని ఫోనులో నేర్చుకుంటారు. బడి వాళ్ళకు నేర్పగలిగింది, నేర్పవలసింది మాట బరువు. ఏ మాట ఎవరికి తగులుతుందో తెలిసిన పిల్లవాడు, ఏ మాటా తెలియదని నటించే పిల్లవాడికంటే మంచి పౌరుడు. ఈ అభ్యంతరం వెనుక ఇంకొకటి దాగి ఉంది. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ యాసను రౌడీలకు, హాస్యగాళ్ళకు అప్పగించింది. యాసే మోటు అన్న భావం దాంతో బలపడింది. ‘నువ్వు తిడుతున్నావా, మాట్లాడుతున్నావా’ అని వరంగల్, ఖమ్మం పిల్లలను వెక్కిరించిన గొంతుల్లో పాత గ్రామ్య సిద్ధాంతమే మాట్లాడింది. మోటుదనాన్ని శబ్దంలో వెతికేవాళ్ళు చివరికి దాన్ని మనుషుల ప్రాంతంలో, కులంలో, వృత్తిలో కనుక్కుంటారు. వాళ్ళ సొంత నోట మర్యాదగా వచ్చే ‘మీవాళ్ళకు ఇంతకంటే ఏం తెలుస్తుంది’ అన్న మాట మాత్రం ఏ జాబితాకూ ఎక్కదు.

కనుక పంతులుగారి దారిలో నడవాలనుకునేవాళ్ళకు చెయ్యదగిన పని ఉంది. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువు జనం మాటను పండితుల ఇష్టానికి వదిలెయ్యలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపు మాటలను రైతుల నోట విని, ఏ ప్రాంతంలో ఏ మాటో గుర్తు పెట్టి మరీ నమోదు చేసింది. అదే పద్ధతిని తిట్లకు వర్తింపజేయాలి. ప్రతి మాట పక్కనా అది పలికే ప్రాంతంతోపాటు, ఎవరు ఎవర్ని అంటారో, సమానుల మధ్య నడుస్తుందో, పైనుంచి కిందికే పడుతుందో, మూడో మనిషి మీద బరువు మోపుతుందో గుర్తు వెయ్యాలి. స్పానిష్ అకాడమీ గుర్తులు వినేవాడి చెవికి కటువా కాదా అన్న దగ్గరే ఆగిపోయాయి. మనం ఇంకో అడుగు ముందుకు వెయ్యవచ్చు. పలు యాసలు, రెండు రాష్ట్రాలు, కోయ, లంబాడీ పల్లెలు, సింగరేణి గనుల జనం కలిసే ఈ అంచు ఆ పనికి తెలుగునేలలో అన్నిటికంటే అనువైన చోటు. అలాంటి కోశం ఉంటే కేసు విచారించే మేజిస్ట్రేటుకు, పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి, సినిమాకు కత్తెర వేసే సభ్యుడికి ఆధారం దొరుకుతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, తిట్టించుకున్నవాడు ‘ఇందులో బూతేముంది’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు.

వాడుకకు గౌరవం ఇవ్వడమంటే అందులో మనకు నచ్చినదాన్ని మాత్రం ఏరుకోవడం కాదని పంతులుగారు సవర మాటలు రాసుకున్న తీరే చెబుతోంది. భాషను శుభ్రం చెయ్యబోయినవాళ్ళు ఇప్పటిదాకా తుడిచింది కూలివాడి నోటినే. ఆ కూలివాణ్ణి ‘ఒరేయ్’ అని పిలిచిన నోటి జోలికి వాళ్ళు పోలేదు. తిట్లలో తప్పొప్పులు తేల్చే పని ఇకనైనా ఆ రెండో నోటి దగ్గర మొదలుకావాలి.